తిరుగు ప్రయాణానికి సామాను సర్దే ముందు

సంపాదకుల వారికి,

అయ్యా,

సంక్రాంతి దగ్గర పడుతోంది. కనుమ వెళ్లిన మరునాటి నుంచి అమలాపురం, రావులపాలెం బస్టాండ్లలోను, రాజమహేంద్రవరం, సామర్లకోట, తాడేపల్లిగూడెం స్టేషన్లలోను ఎటు చూసినా మూటలు, అట్టపెట్టెలు, చక్రాల సూట్‌కేసులు, వాటి మధ్య పిల్లలను ఎత్తుకుని నిలబడిన తల్లులు కనిపిస్తారు. కొబ్బరి పీచు తాళ్లు, పట్టాల వ్యాపారం కారణంగా నేను 14 ఏళ్లుగా నెలకు రెండు మూడు సార్లు అంబాజీపేట నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో నమూనాల సంచితో ఒంటరిగా వెళ్లి వస్తున్నాను. ఈ ప్రయాణాలలో తెలుసుకున్న సంగతులు తరచూ ఊళ్లు తిరిగేవారికి, వారికి సామాను సర్ది పంపే ఇంటి పెద్దలకు ఉపయోగపడతాయన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

రైల్వే నిబంధనల ప్రకారం సెకండ్ ఏసీలో 50 కిలోలు, థర్డ్ ఏసీలోను స్లీపరులోను 40 కిలోలు, సెకండ్ క్లాసులో 35 కిలోల సామాను ఉచితంగా తీసుకువెళ్లవచ్చు. ఇంకా బరువుకు వీలుంది కదా అని ఈ అంకెలు చూసి మరో సంచి కట్టేవారున్నారు. అయితే అది రైలు మోసే బరువే గాని మన చేతులు మోసే బరువు కాదు. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం ఇంకా పూర్తి కాలేదు కనుక కోనసీమ వాసి ఇంటి దగ్గర ఆటోలోకి, బస్టాండులో బస్సులోకి, రాజమహేంద్రవరంలో మళ్లీ ఆటోలోకి, అక్కడి నుంచి స్టేషను మెట్ల మీదుగా రైలు పెట్టెలోకి సామాను ఎత్తుతూ దించుతూ పోవలసిందే. నా ప్రయాణంలో లెక్కపెట్టుకుంటే గడప దాటింది మొదలు బెర్తు చేరేదాకా ఎత్తడం, దించడం కలిపి తొమ్మిది సార్లు అయింది. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వెళ్లి రైలెక్కేవారికి రేవు వాలు ఎక్కడం, దిగడం అదనం. అందుచేత ఎంత సామాను అన్నది టికెట్టు తరగతిని బట్టి కాక, తోడు లేకుండా ఒక్కరమే ఎన్నిసార్లు ఎత్తవలసి వస్తుందన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. నాకు నేను పెట్టుకున్న హద్దు పెద్ద సంచికి 12 కిలోలు, భుజం సంచికి 4 కిలోలు. వయసులో ఉన్నవారు మరికొంత మోయవచ్చు, మోకాళ్ల నొప్పులున్నవారు ఇందులోనూ తగ్గించుకోవాలి.

ఈ హద్దు పాటించడానికి నాకు బాగా అక్కరకొచ్చిన వస్తువు, సంచి పిడికి కొక్కెం తగిలించి పైకెత్తితే బరువు చూపించే చిన్న చేతి తూకం. అది కొన్న తరువాత మా ఇంట్లో ఇంకో డబ్బా పడుతుందా లేదా అన్న వాదన పూర్తిగా ఆగిపోయింది. చక్రాల సూట్‌కేసు విషయంలో మాత్రం నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. నున్నటి నేల ఉన్న విమానాశ్రయాలలో అది సుఖమే గాని, కంకర పరచిన బస్టాండు ఆవరణలో, బురద రేవులో, మెట్ల వంతెన మీద చక్రాలు తిరగవు, పైగా ఖాళీ పెట్టె బరువే మూడు నాలుగు కిలోలు ఉంటుంది. రెండు భుజాలకు తగిలించుకునే దళసరి గుడ్డ సంచి మన దారులకు తగినది. రెండు చేతులూ ఖాళీగా ఉంటే ఒక చేత్తో బస్సు కమ్మీ, ఇంకో చేత్తో పిల్లవాడి చేయి పట్టుకోవచ్చు. రైలులో కింది బెర్తు అడుగున ఉండే ఇనుప రింగులకు సంచిని కట్టడానికి ఒక గొలుసు, తాళం కూడా ఉంటే రాత్రి నిద్ర పడుతుంది.

మన డెల్టాలో తేమను మరచి సామాను సర్దకూడదు. జూలై నుంచి నవంబరు దాకా మూలన పెట్టిన సంచికి లోపల బూజు పడుతుంది, జిప్పు తుప్పు పట్టి సరిగ్గా బయలుదేరే వేళకు మొరాయిస్తుంది. ప్రయాణం నుంచి రాగానే సంచిని తిరగేసి ఎండలో వేసి, జిప్పుకు కొవ్వొత్తి మైనం రుద్ది, లోపల ఎండిన వేపాకు ఉంచితే మళ్లీ ప్రయాణానికి సిద్ధంగా ఉంటుంది. బస్సు డిక్కీలోకి వాన నీరు చేరడం నేను చాలాసార్లు చూశాను కనుక పైన తొడుగు వేసి ఊరుకోకుండా, ఏ రోజు బట్టలు ఆ రోజువిగా విడివిడి ప్లాస్టిక్ కవర్లలో పెడతాను. దీనివల్ల ఇంకో సౌకర్యం ఏమిటంటే, బస చేసిన చోట ఒక్క కవరు తీస్తే చాలు, సంచి అంతా కలియబెట్టనక్కరలేదు. మందమైన టర్కీ తువ్వాలుకు బదులు పలుచని నూలు తువ్వాలు పెట్టుకుంటే రాత్రి ఆరేసినది తెల్లవారేసరికి ఆరుతుంది. గంజి పెట్టిన బండారులంక నేత చీర మడతలు నలగకుండా ఉండాలంటే దానిని చుట్టచుట్టి అన్నిటికంటే పైన పెట్టడం మేలు.

అసలు బరువంతా తినే వస్తువులలోనే ఉంది. పెద్దల ప్రేమను కాదనమని నేను చెప్పడం లేదు, మా అమ్మగారు కట్టి ఇచ్చిన డబ్బాలు ఏళ్ల తరబడి మోసినదాన్నే. కట్టే తీరు తెలిసి కడితే ఆ ప్రేమ చెదరకుండా చేరుతుందన్నదే నా మనవి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు కాగితం కంటే పలుచన, తేమ తగిలితే మెత్తబడతాయి, ఒత్తిడి తగిలితే పొడి అవుతాయి. అట్టపెట్టెతోనే సంచి అడుగున పెడితే గమ్యం చేరేది పొడి మాత్రమే. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో, చుట్టూ ఖాళీ లేకుండా మెత్తటి గుడ్డ కూరి చేతి సంచిలో పెట్టుకోవాలి. తాపేశ్వరం కాజా పాకం కారుతుంది కనుక దాని డబ్బా ఎప్పుడూ నిటారుగా నిలబడేలా చూడాలి. కొత్తావకాయను కలిపిన వారంలోనే పంపించడం మంచిది కాదు. ముక్క ఊరుతున్నప్పుడు లోపల గాలి పుట్టి మూత దగ్గర నూనె తన్నుకొస్తుంది, విమానంలో చుట్టూ గాలి ఒత్తిడి తగ్గడంతో డబ్బాలో మిగిలిన గాలి ఇంకా వ్యాకోచిస్తుంది. నెల రోజులు ఊరనిచ్చి, మూత కింద పాలిథీన్ కాగితం బిగించి, డబ్బాను మళ్లీ రెండు కవర్లలో కట్టి, చెక్-ఇన్ సామానులో పెట్టాలి. పచ్చళ్లు, నెయ్యి చేతి సంచిలో పెట్టుకుని వెళ్లి తనిఖీ దగ్గర వదిలేసి రావలసిన అవస్థ కొని తెచ్చుకోకూడదు.

కొబ్బరి విషయం మన ప్రాంతం వారు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువగా ఉండడం వల్ల అది తనంతట తానే వేడెక్కి అంటుకునే స్వభావం గల పదార్థాల జాబితాలో ఉంది, అందువల్ల విమానంలోకి అనుమతించరు. మూడేళ్ల కిందట మస్కట్ వెళ్తున్న మా మేనకోడలి పెట్టెలో అత్తగారు ఆప్యాయంగా పెట్టిన కురిడీ కాయలు స్కానింగులో బయటపడి, పెట్టె విప్పి మళ్లీ సర్దుకునేసరికి ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ముందుగా తెలిసి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

గల్ఫ్ దేశాలలో ఇంటిపనికి వెళ్లే మన అక్కచెల్లెళ్లు ఇంతకంటే జాగ్రత్తగా ఉండాలి. మన వంటింట్లో మసాలా దినుసైన గసగసాలు సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో మాదకద్రవ్యాల కింద నిషిద్ధం, విడిగానైనా మసాలా పొడిలో కలిపైనా తీసుకువెళ్లరాదు. ట్రమడాల్, కోడీన్ వంటివి ఉన్న నొప్పి, దగ్గు మందులకూ అక్కడ గట్టి ఆంక్షలున్నాయి. వాడుకునే మందులు అసలు అట్టలలోనే ఉంచి, డాక్టరు రాసిన చీటీ వెంట పెట్టుకోవాలి. ఇన్సులిన్ వాడేవారు దానిని సామాను గదిలోకి పంపక చేతి సంచిలోనే ఉంచుకోవాలి. అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు పచ్చి కరివేపాకు పట్టుకెళ్తారు. నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును మోసుకొచ్చే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది గనుక అక్కడ దానిని తీసేసుకుంటారు. మిక్సీ మోసుకెళ్లడం కూడా వృథా శ్రమే, అక్కడి కరెంటు 120 వోల్టులు, మన మిక్సీకి 230 కావాలి. ఫోను చార్జరు మీద 100–240 వోల్టులు అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది, ప్లగ్గు మార్చే చిన్న అడాప్టరు ఒక్కటి చాలు.

చాలా రైళ్లలో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు చార్జింగు సాకెట్లకు కరెంటు ఆపుతారు కనుక పవర్ బ్యాంకు అవసరమే. విమానంలో పవర్ బ్యాంకును అందులో నిలవ ఉండే కరెంటును బట్టి, వాట్ అవర్లలో లెక్కిస్తారు; 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్లు. 100 వాట్ అవర్ల వరకు చేతి సంచిలో అనుమతి ఉంది, చెక్-ఇన్ సామానులో మాత్రం పెట్టకూడదు. దేశీయ విమానాలలో చాలా సంస్థలు 15 కిలోల చెక్-ఇన్ సామాను, 7 కిలోల చేతి సంచి మాత్రమే ఉచితంగా అనుమతిస్తాయి. రాజమహేంద్రవరం విమానాశ్రయమున్న మన మధురపూడికి వచ్చే చిన్న ఏటీఆర్ విమానాలలో పై అరలు ఇరుకు, కనుక గట్టి అంచుల పెట్టె కంటే నొక్కితే ఒదిగే సంచి నయం.

మీ ద్వారా రెండు విన్నపాలు చేస్తున్నాను. విమానంలో నిషేధించిన వస్తువుల జాబితా, గల్ఫ్ ప్రయాణికులకు సంబంధించిన జాగ్రత్తలతో సహా, పెద్ద తెలుగు అక్షరాలలో మధురపూడి విమానాశ్రయంలోనే కాక అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం బస్టాండ్లలోనూ కనిపించేలా సంబంధిత అధికారులు ఏర్పాటు చేయాలి, ఎందుకంటే విమానాశ్రయం గుమ్మంలో చదివిన తరువాత పెట్టె విప్పి వస్తువు ఇంటికి తిప్పి పంపే వీలుండదు. అలాగే పండుగ రోజులలో ఈ బస్టాండ్లలో ప్రయాణికులు ఉచితంగా సామాను తూచుకునేందుకు ఒక్కొక్క కాటా పెట్టించాలి. తమ పత్రిక జిల్లా పేజీలో ఆ జాబితాను భోగికి ముందే ఒకసారి ప్రచురించగలిగితే, మా వైపు ఇళ్లలో డబ్బాలు కట్టే సమయానికి అది పెద్దల చేతికి అందుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అంబాజీపేట, కోనసీమ