చింటూకి పాలన్నం వద్దు

అమ్మలూ,

చింటూ ఫోటోలు చూశాం. నాన్నగారు పక్కింటివాళ్ళకి కూడా చూపించి వచ్చారు. రెండు నెలల పిల్లిపిల్ల ఇంటికి రావడం, నీకొక తోడు దొరకడం మాకు నిజంగా సంతోషం. అయితే "మనం నీచు ముట్టం కదమ్మా, వీణ్ణి కూడా పాలన్నం, పెరుగన్నంతో పెంచేస్తా" అన్నావు చూడు, ఆ మాట దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది. అలా చెయ్యొద్దు. ఎందుకో ఫోన్లో తొందరగా చెబితే సరిపోదని ఇలా రాస్తున్నాను.

కుక్క వేల ఏళ్ళుగా మనుషుల మధ్య బతికి పిండిపదార్థాలు అరిగించుకోవడానికి అలవాటు పడింది. పిల్లి అలా కాదు. ఇన్నేళ్ళు మన ఇళ్ళల్లో తిరిగినా అది ఇప్పటికీ వేటజంతువే. చింటూ ఆవలించినప్పుడు నోట్లోకి చూడు. మనకున్నట్టు నూరే చదును పళ్ళు వాడికి ఉండవు, మాంసాన్ని కోసే పళ్ళే ఉంటాయి. పేగు కూడా పొట్టిది. తీపిని గుర్తించే జన్యువు పిల్లుల్లో పనిచెయ్యదని 2005లో శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. కాలేజీలో జువాలజీ చెప్పేటప్పుడు పిల్లలు అన్నిటికంటే ఆశ్చర్యపోయింది ఈ మాటకే.

అసలు విషయం టారిన్. ఈ పదార్థాన్ని మన ఒళ్ళు తనంతట తానే తయారుచేసుకుంటుంది. పిల్లి ఒంటికి సరిపడా చేసుకోవడం రాదు, మాంసం, చేపల నుంచే అందాలి. అన్నంలో, పప్పులో, కూరగాయల్లో అది దాదాపు ఉండదు, పాలల్లో ఉన్నది చాలదు. టారిన్ తక్కువైతే కంటిలోని రెటీనా పాడవుతుంది. అలా పోయిన చూపు తిరిగి రాదు. గుండె కండరం కూడా సడలిపోయి గుండె ఉబ్బుతుంది. ఒకప్పుడు కంపెనీల తిండి తిన్న పిల్లులు కూడా ఈ గుండెజబ్బుతో చనిపోయేవి. దానికి కారణం టారిన్ లోపమేనని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పాల్ పియోన్ బృందం తేల్చింది. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ మోతాదు పెంచాయి. విటమిన్ ఎ సంగతీ అంతే. మనం క్యారెట్ తింటే అందులోని కెరోటిన్ మన ఒంట్లో విటమిన్‌గా మారుతుంది, పిల్లికి ఆ శక్తి లేదు.

నన్ను భయపెట్టేది ఏంటంటే, ఇవేవీ వెంటనే బయటపడవు. పెరుగన్నం తిని నెలల తరబడి బాగానే ఆడుకుంటాడు. బాగానే ఉన్నాడుగా అని నువ్వు అనుకుంటూ ఉండగానే లోపల నష్టం జరిగిపోతుంది.

ఆన్‌లైన్లో శాకాహార క్యాట్ ఫుడ్ చూశానన్నావు. కొన్నిటిలో కృత్రిమ టారిన్ కలుపుతారు, నిజమే. ఎదిగే పిల్లకి మాత్రం నేను దాన్ని నమ్మి పెట్టలేను.

మన పద్ధతి మనది. నేను రోజూ పూజ చేసుకునేదాన్నే, అయినా నా నియమం వాడి ప్రాణం మీదకి రాకూడదనే అంటాను. నువ్వు మాంసం వండాల్సిన పనిలేదు. ప్యాకెట్ తిండి కొను. వాడికొక గిన్నె, ఒక చెంచా విడిగా పెట్టుకుని బాల్కనీ పక్కన చోటిస్తే వంటగదిలోకి ఏదీ రాదు.

కొనేటప్పుడు ముందువైపు బొమ్మ చూడకు, వెనకవైపు చదువు. కిటెన్ అని ఉండాలి, ఏడాది వచ్చేదాకా అదే. కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్ అని ఉండాలి. కాంప్లిమెంటరీ అని రాసినవి చిరుతిళ్ళ కిందే లెక్క, వాటితో కడుపు నింపకూడదు. బస్తా విప్పి లూజుగా అమ్మేది వద్దు. కింది ఫ్లాట్ వాళ్ళ కుక్కకి పెట్టేది చవగ్గా వస్తుందని తేవద్దు, పిల్లికి కావలసినవి అందులో సరిపడా ఉండవు. పొడి గింజల్లో నీరు పదోవంతు కూడా ఉండదు, పౌచ్‌లో వచ్చే తడి తిండిలో ముప్పావు వంతు నీరే. పిల్లులు ఎడారి ప్రాంతపు అడవిపిల్లి సంతతి కాబట్టి దాహం వేసినా సరిగ్గా నీళ్ళు తాగవు. అందుకే రోజూ కొంతైనా పౌచ్ తిండి పెట్టు. మగపిల్లులకి మూత్రం అడ్డుపడే జబ్బు వస్తుంది కనుక ఇది మరీ ముఖ్యం. ఎప్పుడైనా మట్టి ట్రేలో కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగకు, ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకెళ్ళు.

పాలు పూర్తిగా మానెయ్యి. పిల్లి అనగానే మనకి పాలే గుర్తొస్తాయి కానీ, తల్లిపాలు మానిన పిల్లిపిల్లలకి ఆవుపాలు సరిగ్గా అరగవు. విరేచనాలు పట్టుకుంటే ఇంత చిన్న ప్రాణం ఒక్క రోజులో నీరసపడిపోతుంది.

నీ రూమ్మేట్ బిర్యానీలో ముక్కలు పెడతానంటే ఒప్పుకోకు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తుటిలోని ఎర్రకణాలను చంపుతాయి, మసాలాలో పొడిగా కలిసినా సరే. వండిన ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ ఎప్పుడైనా కాస్త పెడితే ఫర్వాలేదు. కార్జం రోజూ పెట్టకూడదు, విటమిన్ ఎ ఎక్కువై ఎముకలు బిగుసుకుపోతాయి. ఇంకోటి, తిండి సంగతి కాకపోయినా చెప్పాలి. ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసిటమాల్ ఇవ్వకు, ఒక్క మాత్రతో పిల్లి చనిపోవచ్చు.

కొత్త తిండికి ఒక్కరోజులో మార్చకు. ఇప్పుడు తింటున్నదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చు. రోజుకి నాలుగుసార్లు పెట్టు. ఒక పూటంతా ముట్టకపోతే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. కూరగాయలు తూచే చిన్న కాటా ఉంటే వారానికోసారి వాణ్ణి తూచు. వారానికి వంద గ్రాములకి అటూ ఇటూగా పెరుగుతూ ఉండాలి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు బరువెంతో చెప్పు.

అమ్మ