ఒకసారి వచ్చిపోతే ఇక రాదన్న ధీమా

సంపాదకుడు గారికి,

అయ్యా,

మా కవిటి ప్రాంతంలో రొంప, దగ్గు, జ్వరం ఏటా ఇంటింటికీ వచ్చి పోయేవే గాని, "పోయినేడు పడ్డాం కదా, ఇక మనకేం కాదు" అన్న ధీమా మాత్రం కరోనా తరువాత బాగా బలపడింది. డయాలసిస్ మీద ఉన్న మా పెద్దన్నయ్యను చూడవచ్చిన బంధువొకరు దగ్గుతూనే మంచం పక్కన కూర్చొని, వద్దన్నందుకు నొచ్చుకుంటూ, ఈ మాటే అన్నారు.

ఈ నమ్మకం ఊరికే పుట్టింది కాదు. తట్టు ఒకసారి పోస్తే జన్మలో మళ్లీ పోయడం బహు అరుదు. 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫేరో దీవుల్లో తట్టు ప్రబలినప్పుడు, 65 ఏళ్ల కిందట, అంటే 1781లో, అది సోకిన వృద్ధులకు మళ్లీ రాలేదని డెన్మార్క్ వైద్యుడు పానుం గమనించాడు. అయితే తట్టు వైరస్ ఒళ్లంతా పాకి బయటపడటానికి పది రోజులకు పైగా పడుతుంది; ఈలోగా శరీరం పాత శత్రువును గుర్తుపట్టి సిద్ధమవుతుంది. ఫ్లూ, కరోనా వైరస్‌లు ముక్కు, గొంతు పొరల్లోనే రెండు మూడు రోజుల్లో పెరిగిపోతాయి. ఆ పొరల్లోని ప్రతిరక్షకాలు (వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు) నెలల్లోనే పలచబడతాయి, పైగా వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది. మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లు ఏడాది తిరిగేసరికి మళ్లీ సోకడం పరిశోధకులు చూసిందే. 2021 నవంబరులో బయటపడిన ఒమిక్రాన్ అనే కరోనా కొత్త రకం, అంతకుముందు కోవిడ్ వచ్చి తగ్గినవారిని కూడా విడిచిపెట్టలేదు.

అలాగని పాత జబ్బు ఇచ్చిన రక్షణంతా తుడిచిపెట్టుకుపోదు. 2003లో సార్స్ (కరోనా జాతి వైరస్ తెచ్చిన మరో జబ్బు) నుంచి కోలుకున్నవారిలో, ఆ వైరస్‌ను గుర్తుపట్టే టి కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) 17 ఏళ్ల తరువాత కూడా కనిపించాయి. అందుకే ఆరోగ్యవంతులకు రెండోసారి వచ్చిన జబ్బు చాలావరకు తేలికగా పోతుంది. సోకకుండా ఉండటం వేరు, సోకినా ప్రాణం మీదికి రాకుండా ఉండటం వేరు. మొదటిది కొద్ది నెలల ముచ్చట, రెండోది ఏళ్ల తరబడి నిలిచేది. మా బంధువు ధీమా రెండోదాని మీద ఆధారపడింది, అదీ ఆయన వరకే. ఆయన నుంచి అంటించుకునేవారికి ఆ బలం ఉండాలి కదా!

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో ఆ బలం లేనివారు ఎందరో. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో రోగనిరోధక శక్తి మందగిస్తుంది, టీకాకు స్పందన కూడా తగ్గుతుంది. వైరస్ మారిపోతుంది గనకే ఫ్లూ టీకా కూర్పును ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు సమీక్షిస్తుంది, టీకాను ఏటా వేయించుకోమంటారు. కాని పిల్లలకు ఉచితంగా వేసే టీకాల జాబితాలో తట్టు టీకా ఉన్నట్టు, మా రోగుల కోసం ఫ్లూ టీకా ఏ జాబితాలోనూ కనబడదు. మేము డబ్బు పెట్టి బయట వేయించుకున్నాము. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు వచ్చేవారిని వెతుక్కుంటూ ఎవరూ వెళ్లనక్కర్లేదు, వారు ఆ మంచం మీదే ఉంటారు. ఉద్దానం డయాలసిస్ కేంద్రాలన్నింటిలో ఏటా ఈ టీకా ఉచితంగా వేయాలని, దగ్గుతున్నవారు మాస్కు లేకుండా లోపలికి రాకూడదని తెలుగులో పెద్ద అక్షరాల బోర్డు పెట్టాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కవిటి, శ్రీకాకుళం జిల్లా