ఆఖరి కారణం ఒక్కటే రాస్తున్నారు, ముందు జరిగిందంతా ఏది?

సంపాదకుల గారికి నమస్కారం.

మీ పేపర్ జిల్లా ఎడిషన్ నేను రోజూ పొద్దున్నే మొత్తం చదువుతాను. లోపలి పేజీల్లో తరచూ ఇలాంటి ఆత్మహత్య వార్త ఒకటి ఉంటుంది, ఫోన్ కొనివ్వలేదని ఇంటర్ కుర్రాడు, అత్త మందలించిందని కోడలు, కడుపునొప్పి భరించలేక ముసలాయన. నాలుగు లైన్లు, ఒక కారణం, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు, అంతే. నేను గవర్నమెంట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడ్డవాళ్లని మా వార్డులో చాలామందిని చూశాను. చుట్టాలంతా వెళ్లిపోయాక నైట్ డ్యూటీలో పక్కన కూర్చుని ఏమ్మా అని అడిగితే చాలామంది ఆ ఫోన్ దగ్గరో ఆ తిట్టు దగ్గరో ఆగరండి, ఎక్కడో ఏడేళ్లప్పుడు జరిగినదాని దగ్గర మొదలుపెడతారు. ఆ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకోకండి. 1998లో అమెరికాలో ఫెలిట్టి, అండా అనే డాక్టర్లు తమ టీమ్‌తో కలిసి ఒక స్టడీ ప్రచురించారు, శాండియాగోలో తొమ్మిదిన్నర వేల మందిని చిన్నప్పటి సంగతులు అడిగారు. కొట్టేవాళ్లా, తిట్టి అవమానించేవాళ్లా, లైంగికంగా ఎవరైనా ఇబ్బంది పెట్టారా, అమ్మని కొడుతుంటే చూశారా, ఇంట్లో తాగేవాళ్లున్నారా, మానసిక జబ్బున్నవాళ్లో జైలుకెళ్లినవాళ్లో ఉన్నారా అని ఏడు రకాలు. సగానికి పైగా మంది కనీసం ఒకటి ఉందన్నారు. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లకి, ఏదీ లేనివాళ్లతో పోలిస్తే డిప్రెషన్, తాగుడు, మత్తుమందులు, ఆత్మహత్యాయత్నం లాంటివి 4 నుంచి 12 రెట్లు ఎక్కువ రిస్క్ అని తేలింది. ఆ స్టడీలో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది చదువుకున్నవాళ్లు, ఇన్సూరెన్స్ ఉన్న మధ్యతరగతి వాళ్లు, కాబట్టి ఇది పేదరికం వల్లే వచ్చే బాధ అని తేల్చేయడానికి లేదు.

మన దగ్గర లేదా అంటే ఉంది. 2007లో కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో పన్నెండు వేలకు పైగా పిల్లలతో మాట్లాడింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు, సగానికి పైగా మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందన్నారు, ఆ వేధింపు ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దాళ్లయ్యారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లల్ని కంటున్నారు.

చిన్నప్పుడు ఎప్పుడూ భయంలోనే పెరిగిన పిల్లకి ప్రమాదాన్ని పసిగట్టే వ్యవస్థ అతిగా మేలుకుని ఉండటం అలవాటవుతుంది, స్ట్రెస్ హార్మోన్ కార్టిసాల్ ఎక్కాల్సినప్పుడు ఎక్కి దిగాల్సినప్పుడు దిగే పద్ధతి గాడి తప్పుతుంది. అందుకే ముప్పై ఏళ్లొచ్చాక ఆఫీసులో బాస్ గొంతు పెంచితే పక్కవాడు రెండు తిట్లు తిట్టుకుని మర్చిపోతాడు, ఈవిడకి మాత్రం గుండె దడ, చేతులు వణుకు, రాత్రంతా నిద్ర ఉండదు. మానని పుండు మీదే మళ్లీ దెబ్బ తగిలినట్టు ఉంటుంది. బయటివాళ్లకి ఆ రెండో దెబ్బే కనబడుతుంది, ఇంత చిన్నదానికేనా అంటారు. మీ వార్తలో కారణం కింద పడేదీ ఆ రెండో దెబ్బే.

మా కృష్ణా జిల్లా వాళ్లకి 1977 నవంబర్ 19 అంటే చెప్పక్కర్లేదు. దివిసీమ ఉప్పెన. అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు, సొర్లగొంది లాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటి పదేళ్ల పిల్లలు ఇప్పుడు అరవై దగ్గర్లో ఉన్నారు. మా హాస్పిటల్‌కి ఒకావిడ వచ్చేది, పేరూ ఊరూ రాయను. ఆ రాత్రి చెల్లెలూ తమ్ముడూ నీళ్లలో పోయారు, ఈవిడ చెట్టు పట్టుకుని మిగిలింది, పదిహేనేళ్లకే పెళ్లి చేశారు, మొగుడు తాగొచ్చి కొట్టేవాడు, తర్వాత అతనూ పోయాడు, కొడుకు హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇన్నేళ్లూ గట్టి మనిషి అని అందరూ మెచ్చుకున్నారు. కొడుకు వెళ్లాకే మొదలైంది, టీవీలో వాయుగుండం అని వింటే చాలు మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది, బీపీ ఎక్కుతుంది, కడుపులో గ్యాస్ అంటుంది. బీపీకి బిళ్ల, గ్యాస్‌కి బిళ్ల, నీరసానికి బీకాంప్లెక్స్ ఇంజక్షన్, ఇలాగే ఏళ్లు గడిచాయి. ఎవరూ ఉప్పెన గురించి అడగలేదు, అడుగుతారని ఆవిడా అనుకోలేదు. ఇప్పుడు చెప్పండి, ఆవిడ జబ్బు ఉప్పెనదా, మొగుడిదా, ఒంటరితనానిదా? అన్నీ కలిసి వచ్చినదే కదా.

ట్రామా, అంటే మనసుకి తగిలే పెద్ద దెబ్బ, అనగానే అందరూ ఒక యాక్సిడెంటో ఒక తుఫానో అనుకుంటారు గానీ ఏళ్ల తరబడి ఇంట్లోనే సాగే హింస ఇంకా లోతుగా దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022 నుంచి అమల్లోకి వచ్చిన జబ్బుల జాబితాలో కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని, అంటే అలాంటి దెబ్బల తర్వాత వదలకుండా ఉండిపోయే మానసిక జబ్బుని, విడిగా చేర్చింది, అందులో పాత భయాలు తిరిగి రావడంతో పాటు కోపాన్నీ బాధనీ అదుపు చేసుకోలేకపోవడం, నేను పనికిరానిదాన్ని అన్న భావన, ఎవరితోనూ దగ్గరగా ఉండలేకపోవడం ఉంటాయి. మనవాళ్లు దీన్ని నరాల వీక్‌నెస్ అంటారు, గాలి సోకింది అంటారు, పొగరు అంటారు. మగాళ్ల విషయంలో అయితే కోపిష్ఠి అనో తాగుబోతు అనో అంటారు, వాడి వెనక ఏముందో అసలు అడగరు.

గర్భిణుల విషయం మాత్రం గట్టిగా చెప్తాను. చిన్నప్పుడు దెబ్బలు తిన్న అమ్మాయికి కడుపుతో ఉన్నప్పుడూ కాన్పయ్యాకా డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువ. మనం రక్తం చూస్తాం, బరువు చూస్తాం, స్కానింగ్ తీస్తాం, ఇంట్లో నిన్నెవరైనా కొడుతున్నారా అమ్మా అని మాత్రం అడగం. బిడ్డని ఎత్తుకోని తల్లిని రాక్షసి అన్నవాళ్లని నా కళ్లతో చూశాను, ఆ పిల్లకి పంతొమ్మిదేళ్లు, తనని ఎత్తుకున్నవాళ్లు చిన్నప్పుడు ఒక్కళ్లూ లేరు.

ఇంకో మాట కూడా రాయాలి, లేకపోతే చదివినవాళ్లు భయపడతారు. దెబ్బ తిన్న ప్రతి పిల్లకీ జబ్బు రాదు. ఒక నమ్మకమైన పెద్దమనిషి, అది అమ్మమ్మ కావచ్చు, స్కూల్లో టీచర్ కావచ్చు, పక్కన ఉంటే చాలా తేడా పడుతుంది. వచ్చినవాళ్లకీ వైద్యం ఉంది, ట్రామా మీద పనిచేసే కౌన్సెలింగ్ పద్ధతులున్నాయి, అవసరమైతే మందులున్నాయి, యాభై ఏళ్లొచ్చాక మొదలుపెట్టినా తేలికపడినవాళ్లున్నారు. కానీ 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చూస్తే సాధారణంగా వచ్చే మానసిక సమస్యలున్నవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా వైద్యం దాకా రావట్లేదు. కేసు పెడతారేమో అన్న భయం ఒకటి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఇది ఎంతమంది ఇళ్లల్లో తెలుసు? మీరు రాస్తే తెలుస్తుంది.

కాబట్టి సార్, దయచేసి ఆ వార్తల్లో ఫలానా కారణంతోనే అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఆత్మహత్యల వార్తలు ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ 2019లోనే చెప్పింది, ఒకే కారణానికి ముడిపెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది. దండించడం చట్టప్రకారం నిషేధమైనా బెత్తం వదలని స్కూళ్ల గురించి, పిల్లల్ని వణికించే హాస్టళ్ల గురించి మీ రిపోర్టర్ల చేత రాయించండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు బియ్యం, నీళ్లు, నష్టపరిహారం గురించి రోజూ రాశారు, మంచిదే, ఆ నీళ్లలో రాత్రిళ్లు గడిపిన పిల్లలు ఇప్పుడు ఎలా నిద్రపోతున్నారో కూడా ఒకసారి వెళ్లి అడిగి రాయండి. ఆత్మహత్యల గురించిన ప్రతి వార్త కిందా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416 వెయ్యండి, 24 గంటలూ ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, చిన్న అక్షరాల్లో కాదు, కళ్లజోడు లేకుండా మా వయసు వాళ్లకి కనబడేంత పెద్దగా వెయ్యండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
కృష్ణా జిల్లా