చనిపోయినవారి బాప్తిస్మానికి ఇంట్లోవాళ్ల అనుమతి ఉండాలి

సంపాదకులు గారికి,

అమెరికాలో పుట్టిన క్రైస్తవ శాఖ మార్మన్లు, చనిపోయినవారి తరఫున తీసుకునే బాప్తిస్మం గురించి వినగానే చాలామంది ‘దొంగచాటు మతమార్పిడి’ అనేస్తారు. అది సరికాదు. బాప్తిస్మం లేకుండా పోయినవారికీ రక్షణ అందాలన్నది వాళ్ల నమ్మకం. ఆ శాఖ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1840లో ఈ బోధ మొదలుపెట్టాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15:29ని ఆధారంగా చూపుతారు. ఆలయంలో పన్నెండు ఎడ్ల బొమ్మల మీద నిలిపిన తొట్టిలో, తెల్లబట్టలు వేసుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు పోయినవారి పేరు మీద నీళ్లలో మునిగి లేస్తారు. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ ఆత్మ ఇష్టమేనట.

నా అభ్యంతరం వేరు. నాజీలు చంపిన యూదుల పేర్ల మీద కూడా ఇది జరిగింది. యూదులుగా పుట్టినందుకే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు వాళ్లు! ఆపుతామని 1995లో యూదు సంఘాలకు మాట ఇచ్చాక కూడా, నాజీల శిబిరంలో చనిపోయిన, డైరీ రాసిన యూదు బాలిక అన్నే ఫ్రాంక్‌కూ ఇలా బాప్తిస్మం జరిగిందని 2012లో బయటపడింది. ఇలాంటి ఘటనలకు చర్చి క్షమాపణ చెప్పింది, నిజమే. కానీ ఆ కుటుంబాలకు తగిలిన దెబ్బ క్షమాపణతో మానేది కాదు.

గత 110 ఏళ్లలో పుట్టినవారికైతే దగ్గరి బంధువు అనుమతి కావాలన్న నియమం చర్చిలోనే ఉంది. దాన్ని గట్టిగా అమలు చేయాలి. హైదరాబాద్‌లోనూ మార్మన్ సంఘాలున్నాయి. ఒకే ఇంట్లో ఒకరు మార్మన్, మిగతావాళ్లు హిందువులైతే, తాతయ్య పేరు బాప్తిస్మానికి పంపేముందు అందరినీ అడగాలి.

– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్