ధరల పక్కన జీతాలు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

1960ల నాటి ధరలపై ఆదివారం మీరు ప్రచురించిన వ్యాసం చదివి, మా మనవడు “తాతయ్యా, మీరు రాజాల్లా బతికారన్నమాట!” అన్నాడు. వ్యాసంలో ధరలు ఉన్నాయి కానీ జీతాలు లేవు. వాడికి అలా అనిపించిందంటే తప్పు వాడిది కాదు.

1965 యుద్ధం నాటికే తిండిగింజలకు కటకట. సోమవారం రాత్రి భోజనం మానమని అప్పటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు పిలుపునిచ్చారు. మా ఇంట్లో దాన్ని పాటించడం కష్టమేమీ కాలేదు, మిగిలిన రాత్రులు కూడా అంతంతమాత్రమే కనుక! రేషన్‌లో అమెరికా గోధుమలు ఇచ్చేవారు. అన్నం తినే ఇళ్లలో వాటితో ఏం వండాలో తెలియక మా అమ్మ విసుక్కునేది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4.76 రూపాయలు ఉన్నది ఒక్కసారిగా 7.50 అయింది.

ఆ రోజుల్లో రేడియో కొంటే సరిపోయేది కాదు, దానికి ఏటా లైసెన్సు ఉండాల్సి వచ్చేది. తపాలా గుమాస్తాగా ఆ రుసుము కట్టించుకున్నవాణ్ణి నేను. గడువు దాటాక వచ్చి “సెట్టు పాడైపోయిందండీ, వినడమే లేదు” అనేవారు కొందరు. వాళ్లే మరుక్షణం ఉదయం వార్తల గురించి చర్చ పెట్టేవారు. పాటలకూ వార్తలకూ వీధంతా మా వీధిలో ఉన్న ఒకే ఒక్క రేడియో సెట్టు ముందే చేరేది. 1969లో చంద్రుడిపై మనిషి దిగిన కబురు మేము విన్నదీ అలాగే.

ఈ శీర్షిక కొనసాగేట్లయితే, బియ్యం ధర పక్కనే ఆనాటి గుమాస్తా జీతం, వ్యవసాయ కూలీ రోజుకూలి కూడా వేయమని మనవి.

– ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి