బొమ్మలు వేస్తున్నావా?

బుజ్జీ,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు ఫర్వాలేదు. అన్నయ్య గదిలోకి నా పుస్తకాలన్నీ మార్చేశాం. ప్రత్యేకంగా విషయమేమీ లేదు, ఊరికే రాస్తున్నాను.

పెన్సిల్ చూస్తేనే విసుగొస్తోందన్నావట, పిన్ని చెప్పింది. పిన్ని సంగతి తెలిసిందేగా, గోరంత వింటే కొండంత చెబుతుంది. నేను పట్టించుకోలేదు. కానీ ఇదివరకు బస్సులో కునికిపాట్లు పడేవాళ్ళనీ, ఎవరి చెప్పులో కనిపిస్తే వాటినీ గీసి పంపేదానివి. ఈమధ్య వచ్చేవన్నీ క్లయింట్ ఓకే చేసినవే.

సరే, అది వదిలేయ్. నిద్ర పోతున్నావా? స్క్రీన్ మరీ దగ్గరగా పెట్టుకోకు.

మొన్న ఒక పరిశోధన గురించి చదివాను. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అచ్చు వేయించింది. నర్సరీ స్కూల్లో బొమ్మలంటే ఇష్టమున్న పిల్లల్ని ఏరి మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి, బొమ్మ వేస్తే రిబ్బనూ బంగారు సీలూ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. రెండో గుంపుకి ఏమీ చెప్పకుండా, వేశాక అదే చేతిలో పెట్టారు. మూడో గుంపుకి ఏమీ లేదు. ఒకటి రెండు వారాలయ్యాక స్కెచ్‌పెన్నులు మళ్ళీ బల్ల మీద పెట్టి, ఎవరినీ గీయమనకుండా చూస్తూ కూర్చున్నారు. ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్ళలో సగం సేపే వాటి జోలికి వెళ్ళారట! చదివి వినిపిస్తుంటే మీ అమ్మ, ‘అయితే బుజ్జి బొమ్మలకి డబ్బు తీసుకోకూడదంటారా?’ అని అడ్డుపడింది. అదేం కాదు. చెప్పకుండా సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లలకి ఇష్టమేమీ తగ్గలేదు. ముందే బేరం కుదిరిన బొమ్మతోనే వచ్చింది చిక్కు. నీ బొమ్మలన్నీ ఇప్పుడు బేరం కుదిరినవే కదా, అందుకని చెబుతున్నాను.

కాబట్టి ఎవరికీ చూపించని పుస్తకం ఒకటి పెట్టుకో. పనంతా టాబ్లెట్ మీదే గనక ఇది కాగితం మీద, పెన్నుతో. అన్‌డూ ఉండకూడదు. ఖరీదైన కాగితం కొనకు, పాడవుతుందని చెయ్యి వణుకుతుంది. కాగితం వైపు చూడకుండా ఎదురుగా ఉన్నదాన్నే చూస్తూ గీయి. వంకరగా వస్తుంది, రానీ. పూర్తి చేయకు. ఫోటో తీసి ఎక్కడా పెట్టకు, లైకులు లెక్కపెట్టడం మొదలైతే అదీ బేరమే. రోజూ గీసి తీరాలని మాత్రం నియమం పెట్టుకోకు. నీ సంగతి నాకు తెలుసు, టైంటేబుల్ వేస్తావు.

ఇదంతా చెప్పినా, నెత్తి మీద పని తగ్గించుకోకుండా సరదాగా గీయమంటే అది మరో పనవుతుంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్న్‌అవుట్‌ని జబ్బు అనలేదు, అదుపులో పెట్టని ఉద్యోగపు ఒత్తిడి వల్ల వచ్చేదంది. సత్తువ ఉడిగిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, చేసేది సరిగ్గా చేయలేకపోవడం దాని లక్షణాలట. నీకు ఇందులో ఎన్ని ఉన్నాయో నేను అడగడం లేదు. అర్ధరాత్రి కరెక్షన్లు పంపేవాళ్ళకి పొద్దున్నే జవాబిస్తే చాలు. అందులో ఒకర్ని వదులుకున్నా కొంపేం మునగదు. డబ్బు ఇబ్బందైతే నాకు చెప్పు, అన్నయ్యకి కాదు.

మణికట్టు నొప్పి తగ్గిందా? తగ్గకపోతే డాక్టరుకి చూపించు, నెట్‌లో చూసి పట్టీలు కట్టేసుకోకు. చూపించాక ఏమన్నారో రాయి, అమ్మ అడుగుతోంది.

నాన్న