బంగారం సంగతి తర్వాత, ముందు పదో వంతు చూద్దాం మంత్రి గారూ

రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో ఓ కమిషన్ కొట్లో గుమాస్తాని. మా అమ్మాయికి పదమూడేళ్లు, పది మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్ ఆడుతుంది. షూటింగ్ రేంజి కోసం వారానికి మూడు రోజులు ఇద్దరం బెజవాడ బస్సెక్కుతాం.

పోయిన ఏడాది ఓ సన్మాన సభలో, వేదిక మీది పెద్దాయన పిల్లలందరినీ నిలబెట్టి 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం తెస్తామని ప్రమాణం చేయించారు. ఆయన మనసు మంచిదే. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటికి మా పిల్ల మ్యాచ్ స్కోరు 566.3. ఆ తర్వాతి మ్యాచ్‌లో మూడో సిరీస్‌లో, అంటే మూడో పది గుండ్ల విడతలో, ఒక గుండుకు 8.7 పడింది. అక్కణ్నుంచి గురి వదిలేసి స్కోరు చూపే మానిటర్ చూస్తూ కాల్చింది. తిరుగు బస్సులో మంగళగిరి వచ్చేదాకా నోరు విప్పలేదు. నేనేమో "ఎన్నో స్థానం?" అని అడిగాను. ఇప్పటికీ నొప్పే ఆ మాట.

రైఫిల్ టార్గెట్ మీద పది అంటే అర మిల్లీమీటరు చుక్క. మ్యాచ్‌కు 60 గుండ్లు, ఒక్కోదానికి గరిష్ఠం 10.9. గుండుకు పాయింటులో పదో వంతు మెరుగైతే మ్యాచ్‌కు 6 పాయింట్లు. కోచ్ మా పిల్లకు నేర్పింది ఈ లెక్కే. ఇంట్లో గోడకు చుక్క అంటించుకుని రోజూ అరగంట ఖాళీ రైఫిల్‌తో డ్రై ఫైరింగ్. ట్రిగ్గర్ నొక్కాక కూడా కాసేపు గురి కదలకుండా ఉందా లేదా, అదొక్కటే నోటు పుస్తకంలో రాసుకుంటుంది. ఎనిమిది నెలల్లో 581.4కు వచ్చింది. పతకం మాత్రం రాలేదు.

పతకం పక్కవాళ్ల చేతిలోనూ ఉంటుంది కదండీ. పోటీకి ముగ్గురే వస్తే ఆఖరివాడికీ కాంస్యమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ అర్జున్ బబుటా ప్రపంచంలో నాలుగోవాడు, చేతికి మాత్రం ఏమీ రాలేదు. అభినవ్ బింద్రా 2004 ఏథెన్స్ ఫైనల్లో ఏడో స్థానంలో ఆగి, 2008 బీజింగ్‌లో ఆఖరి గుండు 10.8 కొట్టి స్వర్ణం పట్టాడు. మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కు బీజింగ్‌లో ఫైనలే దక్కలేదు, కాంస్యం 2012 లండన్‌లో వచ్చింది. పెద్దవాళ్లకే నాలుగేళ్లు పట్టినప్పుడు పిల్లల్ని గడువు పెట్టి తరమడం దేనికి? మా యార్డులో తడి కాయను తొందరపడి బస్తాకెత్తితే బూజు పడుతుంది, కొనేవాడూ ఉండడు.

నాది చిన్న విన్నపం. మీ శాఖ పిల్లలకు ఏ సాయం చేసినా, దరఖాస్తులో పతకాల గడి పక్కన ఇంకో గడి ఉండేలా చూడండి: ఏడాది కిందటి సగటు, ఇప్పటి సగటు. ఎంపికప్పుడు ఒక్క రోజు స్కోరు కాకుండా నాలుగైదు మ్యాచ్‌లు కలిపి చూడమనండి. జిల్లాకో పెద్ద రేంజి కావాలని అడగాలనే ఉంది కానీ, ఈ గడికి ఖర్చు లేదు కాబట్టి ముందు దీన్నే అడుగుతున్నాను.

వచ్చే ఆదివారం బెజవాడలో అమ్మాయికి మ్యాచ్ ఉంది. పుస్తకంలో రాసుకున్న లక్ష్యం 585. తీరికైతే రండి. బంగారం మాట మాత్రం ఎత్తకండి.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక తండ్రి